మోగని ఫోను

పెద్ద సరుకు ఓడల్లో ఇంజన్ గదికి రాత్రిపూట కాపలా మనిషి అక్కర్లేని రోజులు ఎప్పుడో వచ్చేశాయి. యంత్రాలు వాటి మానాన అవి తిరుగుతుంటాయి. ఎక్కడైనా నూనె పీడనం పడిపోతేనో, వేడి పెరిగితేనో, ఆ రాత్రి వంతు పడిన ఇంజనీరు గదిలో అలారం మోగుతుంది. ఆయన లేచి, మెట్లు దిగి, సంగతి చూసుకుని వచ్చి మళ్ళీ పడుకోవాలి. ఓడ కంపెనీకి ఇది లాభసాటి బేరమే. ఇంజనీరుకి ఎలా ఉంటుందో చూద్దామని స్వీడన్‌లో నిద్ర మీద పనిచేసే తోర్స్‌వాల్, ఓకర్‌స్టెట్ అనే పరిశోధకులు ఇంజనీర్ల తలలకి ఎలక్ట్రోడ్లు అతికించి, వంతు ఉన్న రాత్రీ లేని రాత్రీ మెదడు తరంగాలను నమోదు చేశారు. 1988లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అలారం మోగిన రాత్రి నిద్ర చెడటంలో వింతేముంది? వింత ఏమిటంటే, అలారం ఇంకా మోగకముందు పట్టిన నిద్రలోనే తేడా కనిపించింది. గాఢనిద్ర తగ్గింది. లేవాల్సి రావచ్చన్న ఎదురుచూపు ఒక్కటే అందుకు సరిపోయింది.

ఆ ఇంజనీరు చేసిన పనినే సాఫ్ట్‌వేర్‌లో ఆన్-కాల్ అంటున్నారు. శీతాకాలంలో కాలిఫోర్నియాలో మధ్యాహ్నం పన్నెండంటే మనకి రాత్రి ఒకటిన్నర. అక్కడ జనం భోజనానికి లేచే వేళకి, వాళ్ళ కార్డు చెల్లింపుల్ని నడిపే సర్వర్‌కి సుస్తీ చేస్తే, మోగేది మాదాపూర్ హాస్టల్లోనో గచ్చిబౌలి ఫ్లాట్‌లోనో తలగడ కింద ఉన్న ఫోను. టీమ్‌లో ఒక్కొక్కరికీ వారం వంతు. మొదట మోగేది ప్రైమరీకి. ఆయన ఎత్తకపోతే సెకండరీకి. ఉద్యోగంలో చేరిన కొన్ని నెలలకే కొత్తవాళ్ళ పేరు కూడా ఆ రొటేషన్‌లో ఎక్కుతుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదటి వారమంతా వాళ్ళు స్నానానికి వెళ్ళినా ఫోను తీసుకెళ్తారు, సినిమాకి టికెట్ కొనరు, పక్క వీధి దాకా వెళ్ళినా లాప్‌టాప్ సంచీ భుజాన ఉంటుంది. ఆ వారంలో ఒక్క పేజ్, అంటే ఒక్క అలారం పిలుపు, రాకపోయినా సోమవారానికి ముఖం పీక్కుపోతుంది. "ఏమీ రాలేదుగా, హాయిగా గడిచింది" అంటారు సీనియర్లు. ఓడ ఇంజనీర్ల మెదడు తరంగాలు మాత్రం ఆ మాట ఒప్పుకోవు.

పేజ్ వస్తే ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. రాత్రి 2:40. ఫోను మంచం కొయ్యమీద గుర్రుగుర్రుమంటుంది. స్క్రీన్ మీద ఒక డేటాబేస్ సర్వర్ పేరు, పక్కన ‘డిస్క్ 92 శాతం, క్రిటికల్’. ముందు ఎకనాలెడ్జ్ నొక్కాలి. అయిదు నిమిషాల్లో నొక్కకపోతే సెకండరీ నిద్ర కూడా చెడుతుంది. తర్వాత లాప్‌టాప్, వీపీఎన్, ఓటీపీ. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు పడుతుంది, వేళ్ళు ఇంకా నిద్రలోనే ఉన్నాయి మరి. డ్యాష్‌బోర్డు తెరిస్తే పదిహేను గ్రాఫులు, అందులో సగం ఎర్రగా ఉన్నాయి; అవి రోజూ ఎర్రగానే ఉంటాయో ఇప్పుడే అయ్యాయో కొత్త మనిషికి తెలియదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో రాసిపెట్టిన రన్‌బుక్ తెరిస్తే మూడో అడుగులో ‘పాత లాగ్ ఫైళ్ళు తీసేయండి’ అని ఉంది. పాతవంటే ఎన్నాళ్ళవి? ఏ ఫోల్డర్‌లోవి? రాసినాయనకి అడగక్కర్లేకుండా తెలుసు గనక రాయలేదు. చదివే పిల్లకి తెలియదు. సరిగ్గా ఇక్కడ, మూడో అడుక్కీ నాలుగో అడుక్కీ మధ్య, ఒక పాత గొంతు లోపల మొదలవుతుంది: ‘ఇంతమాత్రం తెలియనిదానివి ఈ ఉద్యోగంలో ఎలా దూరావు? రేపు అందరికీ తెలిసిపోతుంది.’

ఆ గొంతుతో వాదించే ముందు శరీరం సంగతి చెప్పుకోవాలి. నిద్ర లేవడమంటే స్విచ్ వేయడం కాదు. మెలకువ వచ్చాక మెదడు కాసేపు మందంగా ఉంటుంది; నిద్రమత్తు అని మనం ఎప్పటినుంచో అంటున్నదే. ఇది ఎంత బలమైనదో 2006లో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిచి చూపించారు. మనుషుల్ని రాత్రంతా బాగా నిద్రపోనిచ్చి, లేపిన వెంటనే రెండంకెల కూడికలు చేయించారు. తర్వాత వాళ్ళనే 26 గంటలు నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టి అవే కూడికలు చేయించారు. అప్పుడే లేచిన మనిషి లెక్క, ఒక రాత్రంతా మేలుకున్న మనిషి లెక్కకన్నా అధ్వానంగా వచ్చింది. మొదటి కొన్ని నిమిషాలు మరీ ఘోరం. 2002లో మెదడు స్కాన్లతో చేసిన మరో పరిశోధన ఎందుకో చెప్పింది: మెలకువ రాగానే మెదడు కాండం, థాలమస్ ముందు తేరుకుంటాయి, ఎంచి, తూచి, నిర్ణయించే పని చూసే నుదుటి వెనక భాగం ఆలస్యంగా తేరుకుంటుంది. కళ్ళు తెరుచుకుంటాయి, చేతులు టైపు చేస్తాయి, వివేకం మాత్రం ఇంకా దారిలో ఉంటుంది. గాఢనిద్రలోంచి లేపినా, తెల్లవారుజామున ఒంటి వేడి అట్టడుక్కి పడిపోయే వేళ లేపినా ఆ మత్తు మరింత ఎక్కువ. 2:50కి ‘నాకేమీ రాదు’ అనిపించిన అమ్మాయిది తెలివితక్కువతనం కాదు. ఆ పది నిమిషాల్లో ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడికీ సగమే వస్తుంది. తేడా ఒక్కటే: ఆయన దాన్ని తన నిద్ర మీద తోస్తాడు, ఈమె తన పుట్టుక మీద తోసుకుంటుంది.

ఆ తోసుకోవడానికి ఒక పేరుంది. 1978లో అమెరికాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, చదువుల్లో ఉద్యోగాల్లో పైకొచ్చిన 150 మందికి పైగా స్త్రీలతో తమకున్న అనుభవం మీద ఒక వ్యాసం రాశారు. డాక్టరేట్లు, పదవులు, పొగడ్తలు అన్నీ ఉన్నవాళ్ళే. అయినా తాము నిజంగా తెలివైనవాళ్ళం కాదనీ, ఎవరో పొరపాటున లోపలికి రానిచ్చారనీ, ఏదో ఒకరోజు దొరికిపోతామనీ లోలోపల నమ్ముతున్నారు. దాన్ని ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారు. లోకం దాన్ని సిండ్రోమ్ చేసేసింది గానీ అది రోగం కాదు, మానసిక వ్యాధుల జాబితాలో దానికి చోటు లేదు. మగవాళ్ళలోనూ ఉందని తర్వాత తేలింది. ఎంతమందికి ఉంటుందంటే మాత్రం నవ్వొస్తుంది: 62 పరిశోధనల్ని కలిపి చూసిన 2020 నాటి సమీక్ష 9 శాతం నుంచి 82 శాతం దాకా అంది. ఏ ప్రశ్నలతో అడిగారు, ఎక్కడ గీత గీశారు అన్నదాన్ని బట్టి అంత తేడా. ‘ప్రతి పదిమందిలో ఏడుగురు’ లాంటి లెక్కలు ఎక్కడైనా కనిపిస్తే నేను పేజీ తిప్పేస్తాను.

అంకెలకన్నా క్లాన్స్ తర్వాత, 1985లో, తన పుస్తకంలో గీసి చూపిన చక్రం పనికొస్తుంది. ఇలాంటి మనిషికి ఒక పని అప్పజెబితే రెండు దారుల్లో ఏదో ఒకటి పడతాడు. ఒకటి, అవసరానికి పదింతలు తయారవుతాడు. రెండు, చివరి క్షణం దాకా వాయిదా వేసి అప్పుడు పరుగెడతాడు. పని అయిపోతుంది, మెచ్చుకుంటారు. మొదటి దారిలో వెళ్ళినవాడు ‘అంత కష్టపడితే ఎవరికైనా వస్తుంది’ అనుకుంటాడు. రెండో దారివాడు ‘అదృష్టం కలిసొచ్చింది’ అనుకుంటాడు. మెప్పు ఏదీ లోపలికి ఇంకదు. మళ్ళీ కొత్త పని, మళ్ళీ అదే భయం.

ఇంజనీరింగ్ కాలేజీ నాలుగేళ్ళూ, ఆ పైన అమీర్‌పేట కోర్సూ, ఇంటర్వ్యూలూ ఈ రెండు దారుల్లోనే దాటేసినవాళ్ళు మనలో కోకొల్లలు. ఆన్-కాల్ వచ్చి ఈ రెండు దారుల్నీ ఒకేసారి మూసేస్తుంది. దేనికని తయారవుతారు? రాబోయేది డిస్కో, నెట్‌వర్కో, ఎవరో సాయంత్రం వదిలిన కొత్త కోడో తెలియదు. వాయిదా వేద్దామా అంటే అయిదు నిమిషాల గడియారం నడుస్తోంది. పైగా చాలా పేజ్‌లు వాటంతట అవే సద్దుమణుగుతాయి, లేదా సర్వర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేస్తే పోతాయి. అంటే గెలిచినా గెలిచినట్టుండదు. ‘నేనేం చేశాను, అదే తగ్గిపోయింది’ అనే మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది. కొత్త ఇంజనీర్లకి పగటి పనికన్నా ఈ పని ఎందుకంత చేదో నాకు తెలిసి దీనికి మించిన వివరణ లేదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ‘నాకు ఈ సిస్టమ్ పూర్తిగా తెలియదు’ అన్నది భయం కాదు, నిజం. తప్పల్లా ‘మిగతా అందరికీ తెలుసు’ అనుకోవడంలో ఉంది. ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్రమాదాల మీద దశాబ్దాల పాటు పనిచేసిన డేవిడ్ వుడ్స్ చెప్పేది ఇదే: వ్యవస్థ చిక్కబడే కొద్దీ, అందులో ఏ ఒక్కరి బుర్రలో ఉన్న బొమ్మా దానికి సరిపోదు. పదేళ్ళ సీనియర్‌కి తన మూల తెలుసు, పక్క మూల ఎవరికి తెలుసో తెలుసు. అంతకు మించి ఉన్నట్టు కనిపిస్తే అది గొంతులో ధీమా.

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ కంపెనీలో జరిగినదాన్ని చూడండి. కంపెనీ తానే పూసగుచ్చినట్టు బయటపెట్టింది కాబట్టి మనకు తెలిసింది. స్పామ్ వల్ల డేటాబేస్ మీద భారం పెరిగింది. అసలు డేటాబేస్‌కి నకలుగా నడిచే రెండో సర్వర్ వెనకబడి, ఆగిపోయింది. ఒక ఇంజనీరు దాన్ని మళ్ళీ నిలబెట్టే పనిలో ఉన్నాడు. ఆయన ఉన్నచోట రాత్రి పదకొండు కావస్తోంది. పని ముగించి వెళ్ళబోతూ, ఈ గొడవ చూసి ఆగిపోయాడు. నకలు తీసే కమాండ్ ఏ మాటా చెప్పకుండా వేలాడుతోంది. పాత ఫోల్డర్ అడ్డమొస్తోందేమోనని దాన్ని తుడిచేసే కమాండ్ కొట్టాడు. కొట్టింది రెండో సర్వర్ మీద కాదు, అసలు సర్వర్ మీద. ఒకటి రెండు సెకన్లలో తెలిసి ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర.

బ్యాకప్‌లు ఉన్నాయిగా అనుకున్నారు. రోజువారీ బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ సరిపోక ఎన్నాళ్ళుగానో విఫలమవుతోంది. విఫలమైనట్టు చెప్పే ఈమెయిళ్ళను మెయిల్ సర్వర్ తిరస్కరిస్తోంది, కాబట్టి ఎవరికీ తెలియదు. క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్‌లు డేటాబేస్ సర్వర్లకి అసలు పెట్టనేలేదు. చివరికి కాపాడింది ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. తీసింది ఎవరో కాదు, ఫోల్డర్ తుడిచిన ఆ ఇంజనీరే. సైటు నిలబడటానికి దాదాపు 18 గంటలు పట్టింది. ఆ మరమ్మతును కంపెనీ యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసింది. తర్వాత ప్రచురించిన నివేదికలో ఆయన పేరు లేదు, ‘టీమ్ సభ్యుడు 1’ అనే ఉంది. ఏ సర్వర్ మీద ఉన్నామో కమాండ్ లైన్‌లోనే స్పష్టంగా కనిపించేలా మారుస్తామని రాసుకున్నారు, బ్యాకప్‌ల బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పాలనుకున్నారు. రోజువారీ బ్యాకప్ చచ్చిపడి ఉందని కంపెనీలో అతి పెద్ద సీనియర్‌కి కూడా ఆ రాత్రి దాకా తెలియదన్నది ఈ కథలో నాకు ముఖ్యంగా తోచిన సంగతి.

అలారాలు కూడా అబద్ధాలాడతాయి. 1979 మార్చి 28న తెల్లవారుజామున నాలుగింటికి పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వ్ తెరుచుకుని మూసుకోకుండా ఉండిపోయింది. కంట్రోల్ గదిలో దీపం మాత్రం మూసుకుందన్నట్టే చూపింది. అది చెప్పేది మూసుకోమన్న సంకేతం వెళ్ళిందని, మూసుకుందని కాదు. మొదటి కొన్ని నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి, ఏది ముఖ్యమో ఎవరికీ అంతుపట్టలేదు. డ్యాష్‌బోర్డులో పచ్చగా ఉన్న గడి దగ్గర ఇదే ప్రశ్న వేసుకోవాలి: ఇది పని జరిగిందని చెబుతోందా, పని పంపామని చెబుతోందా?

తెల్లారాక ఇంకో ఉచ్చు ఉంటుంది. పగటి వెలుగులో కాఫీ తాగుతూ లాగ్ చూస్తే కారణం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘ఇంత చిన్నదాన్ని గంటన్నర పట్టుకోలేకపోయానా’ అని మళ్ళీ మొదలు. 1975లో బరూఖ్ ఫిష్‌హాఫ్ అనే పరిశోధకుడు, 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా యుద్ధం గురించి ఒక పేరా ఇచ్చి, ఏం జరిగి ఉంటుందో అంచనా వేయమన్నాడు. కొందరికి బ్రిటిష్ వాళ్ళు గెలిచారని చెప్పాడు, కొందరికి గూర్ఖాలు గెలిచారని, ఇంకొందరికి ఎటూ తేలలేదని. ఎవరికి ఏ ముగింపు చెబితే వాళ్ళు ఆ ముగింపే ముందునుంచీ ఎక్కువ సంభావ్యంగా ఉందన్నారు. జవాబు తెలిసిన బుర్రకి, తెలియనప్పటి బుర్ర గుర్తుండదు. అందుకే పేజ్ నడుస్తున్నప్పుడే చాట్ ఛానల్‌లో ఒక్కో వాక్యం రాసుకుంటూ పోవడం మంచిది: ‘2:52, డిస్క్ అనుకుంటున్నా. 3:05, కాదు, లాగ్ రొటేషన్ ఆగిపోయింది.’ తెల్లారి ఆ వరస చదివితే, అప్పుడు చేతిలో ఉన్న ఆధారాలకి చేసిన పని సబబే అని చాలాసార్లు తేలుతుంది.

మరి ఎవర్నైనా అడగొచ్చుగా? అడగరు. 1987లో మిల్లర్, మెక్‌ఫార్లండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కావాలని అర్థం కాకుండా రాసిన ఒక వ్యాసం విద్యార్థుల గుంపులకి చదవమని ఇచ్చి, బొత్తిగా తెలియకపోతే వచ్చి అడగమన్నారు. ఒక్కరూ రాలేదు. తాము రాకపోవడానికి కారణం సిగ్గు అన్నారు. మిగతావాళ్ళు రాకపోవడానికి కారణం వాళ్ళకి అర్థమవడమేమో అనుకున్నారు. డౌట్లున్నాయా అని లెక్చరర్ అడిగితే తలలు వంచుకునే మన క్లాసుల్లో పెరిగినవాళ్ళకి ఈ ప్రయోగం విదేశీదిలా అనిపించదు. తెలుగు మీడియంలో చదివి వచ్చి, అర్ధరాత్రి ఇన్సిడెంట్ బ్రిడ్జ్ అనే ఉమ్మడి కాల్ మీద ఆరుగురు అమెరికన్ల ముందు ఇంగ్లిష్‌లో ‘నాకు తెలియడం లేదు’ అనాల్సి వస్తే నాలుక ఇంకా మడత పడుతుంది. నిజానికి ఆన్-కాల్‌లో వినదగ్గ సంభాషణ ఇంతే ఉంటుంది:

"అన్నా, సారీ, లేపేశా."

"పర్లేదమ్మా, చెప్పు. ఏం కనిపిస్తోంది?"

"డిస్క్ 94 అయింది. రన్‌బుక్‌లో పాత లాగ్‌లు తీసేయమంది. ఏవి పాతవో తెలియట్లేదు. ఇంకా ఏదీ ముట్టుకోలేదు."

"మంచి పని చేశావ్. స్క్రీన్ షేర్ చెయ్యి."

ఆ చివరి ‘ఏదీ ముట్టుకోలేదు’ అన్న మాట విన్నాక ఆ సీనియర్‌కి సగం నిద్ర తిరిగొచ్చి ఉంటుంది. మన ఊళ్ళలో లైన్‌మన్ ఎంత గాలివానలోనైనా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా స్తంభం ఎక్కకూడదు. లైను చచ్చిందని ఇంకో మనిషి చెప్పాలి. తుడిచే కమాండ్లకీ, వెనక్కి తీసుకోలేని కమాండ్లకీ అలాంటి ఎల్‌సీ కావాలి. మొదటి పావుగంట చూడటం, చదవడం, రాసుకోవడం మాత్రమే. తుడవాల్సి వస్తే ఇంకొకరి కళ్ళు ఉండాలి. ఇది పిరికితనం కాదు, ఇంకా దారిలో ఉన్న నుదుటి వెనక భాగానికి ఇచ్చే గడువు.

అడిగినందుకు ఏమవుతుందన్నది మాత్రం అడిగినవాళ్ళ చేతుల్లో లేదు. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు రెండు ఆసుపత్రుల్లో ఎనిమిది వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంది. లెక్క తిరగబడింది: నాయకత్వం బాగున్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడ ఎక్కువ చేస్తున్నారని కాదు, దాచకుండా చెబుతున్నారని. తప్పు చెప్పిన నర్సుని నలుగురిలో నిలబెట్టి కడిగే వార్డులో రిజిస్టరు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది.

కాబట్టి ధైర్యం చెప్పే పుస్తకాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. రుచికా తుల్షియాన్, జోడీ-ఆన్ బ్యూరే 2021లో రాసిన ఒక వ్యాసంలో ఆడవాళ్ళకి ఇంపోస్టర్ సిండ్రోమ్ అని పేరు పెట్టి వాళ్ళనే బాగుచేయబోవడం మానండి, ఆఫీసుని బాగుచేయండి అన్నారు. ఆన్-కాల్ విషయంలో ఆ బాగుచేయడానికి లెక్కలే ఉన్నాయి. గూగుల్‌లో 2003లో మొదలైన సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్ టీమ్ తమ పద్ధతుల్ని 2016లో పుస్తకంగా వేసింది. ఒక ఘటనని చక్కదిద్ది, కారణం వెతికి, నివేదిక రాయడానికి సగటున ఆరు గంటలు పడుతుంది గనక, పన్నెండు గంటల షిఫ్టులో రెండు ఘటనలకు మించకూడదని అందులో ఉంది. ఒకే ఊళ్ళో ఉన్న టీమ్ వారాల వంతు వేసుకోవాలంటే కనీసం ఎనిమిదిమంది కావాలని ఉంది. పాత ఘటనల్ని నాటకంలా ఆడించి కొత్తవాళ్ళ చేత సాధన చేయించే పద్ధతీ ఉంది. నలుగురితో రొటేషన్ నడిపిస్తూ, రాత్రికి ఏడెనిమిది పేజ్‌లు పంపిస్తూ, తెల్లారి తొమ్మిదిన్నరకి స్టాండప్ మీటింగ్‌కి రమ్మనే కంపెనీలో ఎవరికైనా తాను పనికిరానేమో అనిపిస్తుంది. అక్కడ మనస్తత్వ శాస్త్రం కాదు, మేనేజర్‌తో ఆ లెక్క పట్టుకుని మాట్లాడటం పనికొస్తుంది. పేజ్ వచ్చిన రాత్రికి మర్నాడు ఆలస్యంగా రావడం అడుక్కునే దయ కాదు.

కొత్తవాళ్ళకి ఒక వాటం ఉంది, దాన్ని వాళ్ళే గుర్తించరు. పాతవాళ్ళు రన్‌బుక్‌ని కళ్ళతో చదవరు, జ్ఞాపకంతో చదువుతారు. ఏ అడుగు రాయకుండా వదిలేశారో వాళ్ళకి కనిపించదు. మూడో అడుగు దగ్గర చిక్కుకున్న అమ్మాయికి కనిపించింది. సోమవారం హ్యాండోవర్‌లో ఆమె చేయాల్సిన మొదటి పని, ‘పాత’ అన్నచోట ఫోల్డర్ పేరూ, ఎన్ని రోజులవో ఆ అంకే, తుడిచే ముందు చూసుకోవాల్సిన కమాండూ రాయడం. రెండోది, ఆ వారం వచ్చిన పేజ్‌లలో లేచి కూడా ఏమీ చేయనక్కర్లేకపోయినవి ఎన్నో లెక్కపెట్టి, వాటిని రాత్రిపూట మోగకుండా పగటి టికెట్లుగా మార్చమని అడగడం. వచ్చే వారం వంతు ఇంకెవరిదో. వాళ్ళకి ఆ పేజ్‌లు తగ్గుతాయి.